వైషు కోసం వెతికిన ఆప్‌లు

అది 2020 వానాకాలం. లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయినవాళ్లు ఒక్కొక్కరే సూరత్‌కు తిరిగొస్తున్నారు. ఆగిపోయిన సాంచెలు, అంటే పవర్‌లూమ్‌లు, మళ్లీ కదులుతున్నాయి. డిండోలిలో మా గల్లీ చివర నాకొక మొబైల్ దుకాణం ఉంది. రీచార్జి, రిపేరు, ఆప్‌లు ఎక్కించడం. ఉధ్నా నుంచి బార్డోలీ దాకా మల్లేశం కాకా దుకాణం అంటే తెలియనివారు లేరు. సరే, బార్డోలీలో నన్నెరిగినవాడు మా తోడల్లుడొక్కడే, వాడు కూడా నా ఫోన్ ఎత్తడు. గొప్ప చెప్పకుండా మాట మొదలుపెట్టడం నాకు చేతకాదు. చెప్పింది వెంటనే వెనక్కి తీసుకుంటాను కూడా. కొంచెం ఓపిక పట్టండి.

దుకాణం పెట్టకముందు ఖటోదరాలో సాంచెలు నడిపాను. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన మా అందరి బతుకూ అదే. ఆ చప్పుడులో పక్కవాడు గొంతు చించుకున్నా వినబడదు. అందుకని సాంచెల మీద పనిచేసేవాళ్లం పెదవులు చూసి మాట పట్టుకుంటాం, మిగతాది చేతులతో చెబుతాం. రెండు చూపుడువేళ్ల కొసలు ఆనించి విడదీస్తే పోగు తెగిందని. అవే వేళ్లు మళ్లీ కలిపి మెలిపెడితే ముడి వేస్తున్నానని. మీసం దువ్వినట్టు చేస్తే సేఠ్ వస్తున్నాడని. అరచేతులు దులిపి తలుపువైపు చూపిస్తే పాళీ, అంటే షిఫ్టు, అయిపోయింది, ఇక ఇంటికేనని. ఈ అలవాటు మనిషి వెంట ఇంటికీ వస్తుంది. మా ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా సగం మాట చేతులతోనే ఆడతారు. కొత్తవాళ్లు చూస్తే ఏదో పోట్లాట అనుకుంటారు.

సాంచెలు నా చెవులు తినేశాయి. కుడిది దాదాపు పోయింది, ఎడమది మొహమాటానికి పనిచేస్తుంది. కరోనా మాస్కులు వచ్చాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. ఇన్నేళ్లూ గిరాకీల మాట నేను చెవులతో కాదు, కళ్లతో వింటున్నాను. "జర మాస్కు కిందికి గుంజి చెప్పు" అని అడిగితే, "ఏంది కాకా, సావాలనుందా?" అని తిట్టేవాళ్లు.

బడులు మూతపడ్డాయి. పిల్లలు ఒంటిగదుల్లో ఉండిపోయారు. దుకాణం ముందు నిలబడే ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ అడిగేది ఒకటే, "పోరగాండ్లకు సదువు చెప్పే ఆప్ ఏదన్నా ఎక్కియ్యి." అలా నేను పిల్లల ఆప్‌ల మీద పెద్ద పరిశోధకుణ్నైపోయాను. వందల ఆప్‌లు పరీక్షించాను. వందలు కాదు లెండి, చేతివేళ్లు, కాలివేళ్లు కలిపితే సరిపోతాయి. పరీక్ష మాత్రం నిజంగానే పెట్టేవాణ్ని. మొదట నెట్ ఆపేసేవాణ్ని. ఆఫ్‌లైన్‌లో, అంటే నెట్ లేకుండా నడవని ఆప్ మా గల్లీకి పనికిరాదు, ఎందుకంటే మావాళ్ల డేటా సాయంత్రానికే ఖాళీ. తర్వాత యాడ్ వచ్చేదాకా కాచుకునేవాణ్ని. ఆ ప్రకటనను మూసే గుర్తు పిల్ల వేలికి అందేలా ఉందా, లేక నొక్కగానే ఇంకెక్కడికో ఈడ్చుకుపోతుందా అని చూసేవాణ్ని. చివరికి కావాలని తప్పు జవాబు నొక్కేవాణ్ని. చాలా ఆప్‌లు తప్పు నొక్కినా చప్పట్లు కొడతాయి. అలాంటివి అక్కడికక్కడే తీసేసేవాణ్ని. తప్పని పిల్లకు తెలియాలి, కానీ ఏడుపు రాకూడదు. అదీ మంచి ఆప్ అంటే.

లావణ్య వచ్చింది ఆ వానల్లోనే. ఆమె భర్త సీను సాంచెల కార్మికుడు. వాళ్లది కార్ఖానా మీద అంతస్తులో ఒక గది. కింద సాంచెలు నడుస్తుంటే పైన గిన్నెలు గలగలలాడుతుంటాయి. లావణ్య ఇంట్లోనే చీరలకు దాగా కటింగ్ చేసేది, అంటే నేతలో వేలాడే పోగుల్ని కత్తిరించే పని. వెంట కూతురు వైష్ణవి. అందరూ వైషు అంటారు. ఐదో ఏడు నడుస్తోంది.

"కాకా, పిల్లకు అక్షరాలు నేర్పే ఆప్ గావాలె," అంది లావణ్య. "వచ్చే యేడు తెలుగు బడిల ఒకటో తరగతిల ఎయ్యాలె. టీచరమ్మ ఫోన్ల 'అ' అనుమంటె, గిది గోడ దిక్కు చూస్తది."

"మాటలొచ్చినయా?"

"అమ్మ, బువ్వ, దా... గంతే. అవి గూడ నాకే సమజైతయి. మా తమ్మునికి గూడ మాటలు ఆలస్యంగనే వచ్చినయి. గిది జర మొండిది కాకా."

"మొండిదాన్ని నాకొదిలెయ్యి. ఎన్ని మొండి ఫోన్లు బాగు చేసిన నేను!"

బొమ్మలతో అక్షరాలు నేర్పే ఆప్ ఒకటి ఎక్కించాను. జతలు కలిపే ఆటలో వైషు నాకంటే చురుకు. ఆవుకు ఆవు, గొడుగుకు గొడుగు టకటకా కలిపేసింది. 'విని తాకు' అనే ఆటలో మాత్రం అన్నీ తప్పులే. నేను తప్పు ఆప్ మీదికి నెట్టాను. నెట్టడానికి కారణం కూడా ఉంది. ఆ ఆప్‌లో తెలుగు, మనిషి మాట్లాడినట్టు ఉండదు. 'అమ్మ' అనే మాటను కూడా రైల్వే స్టేషన్‌లో బండి పేరు చదివినట్టు చదువుతుంది. "ఆ గొంతు ఇంటె నాకే గుబులైతాంది, పసిపోరి ఏం నేరుస్తది?" అని ఇంకో ఆప్ ఎక్కించాను. అదీ అంతే. మూడోది, నాలుగోది, ఐదోది. ప్రతిసారీ లావణ్య వచ్చి "గిదీ నప్పలే కాకా" అనడం, ప్రతిసారీ నేను ఇంకా గొప్పది ఉందని వెతకడం.

చివరికి ఒకటి నప్పింది. ఆ ఆప్‌లో సరైన బొమ్మ నొక్కితే ఫోను చేతిలో చిన్నగా వణుకుతుంది. వైబ్రేషన్ అంటాం. వైషు ఒక్కో బొమ్మా నొక్కి, ఫోన్‌ను చెంపకు ఆనించుకునేది. పొట్టకు ఆనించుకుని కళ్లు మూసుకునేది. "ఫోన్‌కు ముద్దులు పెడుతాంది మీ పిల్ల" అని నేను, లావణ్య నవ్వుకున్నాం.

కొన్నాళ్లకు సీను వచ్చాడు. "కాకా, నా పాళీ కాకముందే ఫోన్ సచ్చిపోతాంది. బ్యాటరీ మార్చాల్నా?" వైబ్రేషన్ బ్యాటరీని తాగేస్తుంది. చవక ఫోన్లకు మేం చేసే మొదటి వైద్యం దాన్ని ఆపేయడమే. ఆపేసి పంపించాను. మర్నాడే లావణ్య పిల్లను రెక్క పట్టుకుని తెచ్చింది.

"ఏం జేసినవ్ కాకా ఫోన్‌ను? నేలకేసి కొడుతాంది!"

టచ్ చూశాను, స్క్రీన్ చూశాను, స్పీకర్ మీద దుమ్ము కూడా బ్రష్‌తో తీశాను. అన్నీ బాగున్నాయి. వైషు కన్నీళ్లతో నా ముందుకొచ్చి రెండు చూపుడువేళ్లు ఆనించి విడదీసింది. పోగు తెగింది. వాళ్లింట్లో ఏది పాడైనా, బొమ్మ విరిగినా, కరెంటు పోయినా, ఆ పిల్ల చూపించే గుర్తు అదే. అప్పుడు తండ్రో తల్లో ముడి గుర్తు చూపించి, బాగుచేస్తాం అంటారు. నేను వైబ్రేషన్ మళ్లీ పెట్టాను. ఫోన్‌ను చెంపకు ఆనించుకుంది. నా వంక చూసి, రెండు వేళ్లూ కలిపి మెలిపెట్టింది.

ఆ క్షణమే నేను పిల్ల జబ్బు కనిపెట్టేశానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. నమ్మకండి. ఆ క్షణం నేననుకున్నది, ఫోను వణికితే పిల్లకు చక్కిలిగింతలని. దీపావళి దగ్గరపడేదాకా నా బుర్ర వెలగలేదు. అదీ చాయ్ వల్ల.

ఆ రోజు లావణ్య రీచార్జికి వచ్చింది. వైషు స్టూలు మీద కూర్చుని ఆట ఆడుతోంది. నేను చాయ్ తాగుదామని మాస్కు దించి, "చాయ్ తాగుతవా బిడ్డా?" అన్నాను. వెంటనే తల ఎత్తి చూసింది. కళ్లలోకి కాదు, నోటి వంక. మాస్కు పెట్టుకుని మళ్లీ అడిగాను. ఆ చూపు నా ముఖం మీద కాస్త వెతికి, దేన్నీ పట్టుకోలేక, ఫోన్ మీదికి జారిపోయింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మాస్కు పెట్టుకున్న ప్రతి గిరాకీని నేను చూసే చూపు అది.

లేచి పిల్ల వెనక్కి వెళ్లాను. మరలు, బోల్టులు వేసుకునే రేకు డబ్బా ఉంటే, దాన్ని గోనెసంచుల మూట మీదున్న ఇత్తడి పళ్లెంలోకి కుమ్మరించాను. రోడ్డు మీద సైకిల్ వాడు ఆగిపోయాడు. లావణ్య "అయ్యో!" అని ఎగిరిపడింది. వైషు ఒక ఆవును ఇంకో ఆవుతో కలిపింది.

"ఆటల మతి పెట్టింది కాకా," అంది లావణ్య గబగబా. "ఇంట్ల పిలిస్తె ఉరికొస్తది."

"ఎట్ల పిలుస్తవు?"

"ఎట్ల పిలుస్తరు? గిట్ల..." అంటూ ఆమె నేల మీద కాలితో గట్టిగా తన్ని, చెయ్యి గాలిలో ఆడించింది. సాంచెల ఇళ్లలో అందరం పిలిచేది అలాగే. నేల అదిరిన అదురుకు వైషు తిరిగి తల్లిని చూసింది. లావణ్య చెయ్యి గాలిలో అట్లాగే ఆగిపోయింది.

"నోటితోటి పిలువు," అన్నాను. "ముఖం కనవడకుంట."

ఆమె కూతురు వెనక నిలబడి పిలిచింది. "వైషూ." మళ్లీ పిలిచింది. మూడోసారి అరిచింది. చుట్టుపక్కల వాళ్లంతా చూస్తున్నారు. పిల్ల మాత్రం చూడలేదు. లావణ్య దుకాణం మెట్టు మీద కూలబడింది. "మా చప్పుడే మా పిల్లను దాచిపెట్టింది కాకా," అంది.

లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిన నెలల్లో కూడా వాళ్లకు తెలియలేదు. చప్పుడు ఆగింది గానీ చేతులు ఆగలేదు. సాంచెలు మళ్లీ నడిచిన రోజు పిల్ల గోడకు అరచేతులు ఆనించి గంతులేసిందట. సంబరపడిందనుకున్నారు.

చెవుల పరీక్షకు పెద్దాసుపత్రికి పోయారు. పిల్లను నిద్రపుచ్చి, తలకు వైర్లు పెట్టి, శబ్దం మెదడుదాకా చేరుతోందా లేదా అని చూసే పరీక్ష ఒకటుంది. బెరా అంటారు. ఆ గది కరోనావాళ్లకు ఇచ్చేశారని ఒకసారి, మనుషులు లేరని ఒకసారి తిప్పి పంపారు. మరుసటి ఏడు మొదట్లో గానీ పరీక్ష కాలేదు. రెండు చెవులూ దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. చెవి మిషన్ ఇస్తామన్నారు. దాంతో చప్పుడు తెలుస్తుందేమో గానీ మాట తెలియడం కష్టమన్నారు. వినికిడి తెప్పించడానికి సర్కారు ఖర్చుతో చేసే చెవి ఆపరేషన్‌కు వయసు లెక్క ఉంది, పిల్ల అది దాటిపోయింది. డాక్టరమ్మ కోప్పడలేదు, "ఇంకా చిన్నప్పుడే తెచ్చి ఉంటే" అని మాత్రం అందట. ఆ మాటను సీను నా దుకాణంలో నిలబడి ఎన్నిసార్లు చెప్పాడో.

మళ్లీ ఆప్ కోసం వెతికాను. వినబడని పిల్లలకు చేతి గుర్తులతో నేర్పేవి దొరికాయి, కానీ ఇంగ్లీషువి. తెలుగు అక్షరాలతో నాకు ఒక్కటీ దొరకలేదు. అప్పుడు నేనే ఒక ఆప్ తయారుచేశాను. డిండోలి అంతా అలాగే చెప్పుకున్నాను. నిజానికి అది ఆప్ కాదు, అందులో నా తెలివీ లేదు. అట్టముక్క మీద అక్షరం రాసి పట్టుకుని, పెదవులు నెమ్మదిగా కదిపి, పక్కనే చేతి గుర్తు చూపిస్తూ లావణ్య ఇంటి ఫోన్‌లో వీడియోలు తీసుకుంది. నేను వాటిని చిన్నవిగా కత్తిరించి వరుసలో పెట్టాను, అంతే. వాటిలో కింది సాంచెల రొద తప్ప ఏమీ వినబడదు. వాటిలో ఒక్కదానికీ లావణ్య 'నప్పలే' అనలేదు. వైషు అచ్చులన్నీ పట్టేసింది. హల్లులు సగం దాకా వచ్చాయి.

అప్పుడు కరోనా రెండో అల వచ్చింది. 2021 ఏప్రిల్. లావణ్యకు జ్వరం, తర్వాత ఆయాసం. ఆసుపత్రిలో మంచం దొరకడానికి సీను ఎన్ని గేట్ల ముందు మొక్కాడో నేను రాయలేను. దొరికింది. లోపలికి ఎవర్నీ పోనివ్వరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆమె దగ్గరే ఉంది. అందుకని వీడియో కాల్‌కు నా ఫోను పట్టుకుని, ఒక సాయంత్రం వాళ్ల మెట్లెక్కాను.

తెర మీద లావణ్య ముఖం కనబడింది. ముక్కూ నోరూ కప్పేసి ఆక్సిజన్ మాస్కు ఉంది. వైషు ముందుకు వంగి ఆ మాస్కు మీద వెతకడం మొదలుపెట్టింది. లావణ్యకు అర్థమైంది. మాస్కు కిందికి గుంజి, పెదవులు కదిపింది. వై, షూ.

"నికాలో మత్, బహెన్!" తీయొద్దని నర్సు అరిచి మాస్కు మళ్లీ పెట్టింది. ఊపిరి అందక లావణ్య ఛాతీ ఎగిరెగిరిపడుతోంది. కాస్త తేరుకుని మళ్లీ మాస్కు గుంజింది. మళ్లీ పెట్టారు. "లావణ్యా, ఒద్దే, తియ్యకే!" అని సీను ఫోన్‌లోకి అరుస్తున్నాడు. వైషు తండ్రి వంక, తెర వంక చూసి, తెర ముందు రెండు వేళ్లూ విడదీసింది. పోగు తెగిందా? నర్సు కాల్ కట్ చేయబోయింది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. "సిస్టర్, ఫోన్ నీచే కరో! హాత్ దిఖావ్!" అని అరిచాను. ముఖం వద్దు, చేతులు చూపించండి అని.

ఈ ముక్క దగ్గర ఇన్నాళ్లూ నేను మీసం దువ్వుకున్నాను. ఇక్కడ కూడా వెనక్కి తీసుకోవాలి. ఉపాయం నాది కాదు. నా అరుపుకు ముందే వైషు వేలితో తెరను పైకి తోసింది. ఆప్‌లలో కింద ఉన్న బొమ్మ కోసం తోసినట్టు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. తల్లి బొమ్మ కదలడం లేదు. ముఖం కింద చేతులు ఉంటాయని, వాటిని పైకి లాక్కోవాలని ఆ పిల్ల ఆరాటం. ఆ వేలిని చూశాకే నాకు చేతులు గుర్తొచ్చాయి. మా బతుకంతా చేతులతో మాట్లాడిన నాకూ, సీనుకూ అంతవరకు తట్టలేదు.

నర్సు విసుక్కోలేదు, ఫోన్ దించింది. దుప్పటి మీద లావణ్య చేతులు కనబడ్డాయి. ఒకదానికి సూది, దాని మీద పట్టీ. మొదట రెండు చూపుడువేళ్లు కలిపి మెలిపెట్టింది. ముడి వేస్తాను. తర్వాత చాలా నెమ్మదిగా, సూది ఉన్న చేతిని రెండో చేత్తో దులిపి, తలుపు ఉన్న వైపు చూపించింది. పాళీ కాగానే ఇంటికొస్తాను. వైషు కిలకిలా నవ్వి తనూ చేతులు దులిపింది.

లావణ్య రాలేదు. ఆ రోజుల్లో శవాలను ఇళ్లకు ఇచ్చేవాళ్లు కాదు. సీను ఒక్కడే పోయి దూరం నుంచి చూసి వచ్చాడు. పిల్ల ఏమీ చూడలేదు. ఆమె లెక్కలో తల్లి ఇంకా పాళీ మీదే ఉంది. పాళీ మారే వేళ మెట్ల మీద అడుగులు అదురుతుంటే తలుపు చెక్కకు అరచెయ్యి ఆనించి నిలబడుతోందని సీను చెప్పాడు. "ఎట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు కాకా. నువ్వన్న చెప్పు," అన్నాడు.

కొన్ని వారాలకు వైషు తండ్రితో దుకాణానికి వచ్చింది. నా ముందు నిలబడి చేతులు దులిపి, కనుబొమలు ఎగరేసింది. పాళీ అయిపోయిందా? లేని గొప్పలు చెప్పి బతికినవాణ్ని, ఆ పూట నాకు ఒక్క అబద్ధమూ దొరకలేదు. రెండు చూపుడువేళ్లు ఆనించాను. విడదీశాను. తెగింది బిడ్డా.

వైషు నా వేళ్ల వంక చూసింది. తర్వాత దగ్గరికొచ్చి, నా రెండు వేళ్లనూ పట్టుకుని, ఓపికగా, ఒకదానికొకటి ఆనించి మెలిపెట్టింది. ముడి వెయ్యి. సీను గోడవైపు తిరిగిపోయాడు. మా చేతుల భాషలో తెగినదానికి గుర్తుంది, ముడికి గుర్తుంది. ముడి పడనిదానికి గుర్తు లేదు. ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు కాబోలు.

మిగిలిన హల్లుల వీడియోలు సీను తీశాడు, అట్టముక్క తలకిందులుగా పట్టుకుని ఒకటి రెండు. వైషు ఇప్పుడు వినబడని పిల్లల బడికి పోతోంది. చెవి మిషన్ పెట్టుకుంటుంది, ఇంటికి రాగానే తీసేస్తుంది.

నేను నేర్చుకున్నది చిన్నదే. ఎవరైనా పసిపిల్ల కోసం ఆప్ అడిగితే, ముందు ఫోన్ ముట్టుకోను. పిల్ల వెనక్కి పోయి రేకు డబ్బా కుమ్మరిస్తాను. ఇట్లా ముగ్గురు పిల్లల చెవుల సంగతి పట్టుకున్నానని గల్లీలో చెబుతుంటాను. ముగ్గురు కాదు, ఒక్కడే. ఒడిశావాళ్ల బాబు, ఇంకా తల్లి చంకలో ఉన్నవాడు. వాడికి ఆపరేషన్ వయసు లెక్క ఇంకా దాటలేదు.

మిగతా పిల్లలంతా ఉలిక్కిపడి ఏడుస్తారు. "ముసలోనికి పిచ్చి లేసింది" అని తల్లులు తిడతారు. ఆ ఏడుపు, ఆ తిట్లు నాకున్న ఎడమ చెవితో ఎంత వినబడితే అంతా వింటాను. విన్నాకే ఆప్ వెతుకుతాను.